తేటకుంట గంగమ్మ

“ఈరక్కా, ఒసే ఈరక్కా, కుండలో మన్ను దిగిందా, లేక నువ్వే నీళ్లలో కరిగిపోయావా?” అని తల్లి కట్ట మీద నుంచి కేక వేస్తే, కుంట ఒడ్డున కూర్చున్న ఆ పిల్ల “ఇంకా బురదే అమ్మా” అని నెమ్మదిగా బదులిచ్చేదట.

పూర్వం ఎర్రగుట్టల నడుమ వాననీటితో నిండే ఈ చిన్న కుంటే ఊరందరికీ ప్రాణాధారం. గుట్టల మీది మన్నూ, రాలిన ఆకులూ వానకు కొట్టుకొచ్చి అడుగున మెత్తగా పేరుకునేవి. ఆ మడ్డి కదలనంత కాలం పైనీరు తేటగానే ఉండేది. అయితే ఆ ఏడు ఎందుచేతనో తెల్లవారేసరికే నీరంతా కలకబారి, మురిగిన ఆకుల వాసన కొట్టేది. ఈరక్క నీటిని తేర్చే చిల్లగింజను కుండ లోపల అరగదీసి, నీళ్లు ముంచి, మన్ను అడుగుకు దిగేదాకా అక్కడే కూర్చునేది. వంచిన ఆ ముఖాన్నీ, చెవి పక్కన ఊగే ఆ ముంగురులనూ బర్రెలు కాసే సుంకన్న ఎదుటి ఒడ్డు నుంచి చూస్తూ ఉండిపోయేవాడు. పాపం, ఒక్కమాటైనా పలకరించే ధైర్యం అతనికి లేకపోయింది.

కూడు వండితే బురద కంపు, దూడలకు పోస్తే మూతి తిప్పుకోవడం. గంగమ్మ అలిగిందని తలచిన పెద్దలు కట్టకు గండి కొట్టి, తల్లిని సాగనంపి, దూరాన ఏటి ఒడ్డుకు ఊరు తరలిపోవాలని నిశ్చయించారు. ఈరక్క వాళ్లయితే ఏటికి కూడా కాదు, మేనమామ ఊరికి ప్రయాణం కట్టారు. గడ్డపార దించేముందు పూజారి ఆనవాయితీగా, “తల్లికి ఎవరైనా చెప్పుకోవలసింది ఉంటే ఇప్పుడే చెప్పుకోండి” అన్నాడు. సుంకన్న మోకాటిలోతు నీళ్లలోకి దిగాడు.

అతను చెప్పింది విన్నాక గండి పడలేదు, ఊరు కదలలేదు. బర్రెలకు దిగువన వేరే గుంత తవ్వారు. కొన్నాళ్లకే నీరు తేరుకుని, అడుగున గంగమ్మ శిల కనిపించిందట. నాటి నుంచీ ఇది తేటకుంట. “నా బిడ్డ చెయ్యి అరగదీశావు, ఇకమీదట చిల్లగింజ నువ్వే అరగదియ్యి నాయనా” అని ఈరక్క తల్లి సుంకన్నకు పిల్లనిచ్చింది.

నేటికీ వేసవిలో ఒండ్రు ఎత్తే ముందు, పెళ్లి కుదిరిన పిల్లవాడు ఆ శిల ఎదుట నిలబడి, ఆనాడు సుంకన్న అందరి ముందూ అన్న మాటలే పైకి అంటాడు:

“తల్లికి ఏ కోపమూ లేదు. పొద్దు పొడవకముందే బర్రెలను తోలి మడ్డి కలిపింది నేనే. నీళ్లు తేటగా ఉంటే కుండ ముంచుకుని వెళ్లిపోతావు గదా ఈరక్కా. నువ్వు ఇంకాసేపు కూర్చోవాలని.”