మూడు వేళ్ళ అడ్డు

రండమ్మా, రండి. ఆ స్తంభానికి ఆనుకున్న తాతగారూ, మీరూ కాస్త ముందుకు జరగండి. పైన తాటాకు పందిరి, చేతిలో పానకం, ఎదురుగా రామయ్యతండ్రి. ఇంకేం కావాలి మనకి? ఒక మహానుభావుడి ముచ్చట చెబుతాను, వినండి.

దివిసీమలో చిదంబరయ్యగారని ఒక భాగవతులుండేవారు. యక్షగానం నేర్పడంలో ఆయనకు ఆయనే సాటి. కసిరి నేర్పడం ఆ మహానుభావుడికి తెలియదు.

ఆయన శిష్యుడు మార్కండేయులు. నాంది అంటే ఏమిటి, ప్రస్తావన ఎంతవరకు, స్వగతం ఏది, భరతవాక్యం ఎవరు పలకాలి, అన్నీ నోటికి వచ్చు. తోటివాళ్ళు ఒక్క మాట తడబడితే అక్కడికక్కడే దిద్దేవాడు.

ఆ ఏడాది వాళ్ళ మేళంలో పాత సూత్రధారుడు కాశీవాసానికి వెళ్ళిపోయాడు. నవమి ఆటకు తాళం పట్టి నడిపించేవాడు కావాలి. మార్కండేయులు పదేళ్ళుగా కాచుకున్నది దానికోసమే. గురువుగారి కాళ్ళకు మొక్కి అడిగేశాడు.

"తాళం నాకిప్పించండి గురువుగారూ. పరీక్ష పెట్టండి. తప్పితే జన్మలో మళ్ళీ అడగను."

గురువుగారు తమలపాకు ఈనె తీస్తున్నారు. "జనాంతికం అంటే ఏమిటి నాయనా?"

"ఇంతేనా! రంగం మీద ముగ్గురుంటారు. ఒకరికి తెలియకుండా ఇంకొకరితో మాట్లాడాలి. ఉంగరపు వేలు మడిచి, మూడు వేళ్ళు నిలిపి, ఆ ఒకరికి చెయ్యి అడ్డం పెడతారు. ఆ మాట సభకంతా వినబడుతుంది, అతనికి మాత్రం వినబడదు."

"బాగు, బాగు." గురువుగారు ఆకు పక్కన పెట్టారు. ఉంగరపు వేలు మడిచారు. మార్కండేయులికి చెయ్యి అడ్డం పెట్టి, మద్దెల బసవయ్య వైపు తిరిగారు.

"ఏవయ్యా బసవయ్యా, మావాడికి అన్నీ వచ్చు గానీ, నీ మద్దెల మాత్రం వినడు సుమా!"

బసవయ్య ఊరుకుంటాడా? "వినడమా అయ్యగారూ! నేను వాయించడం ఆపేసినా ఆయన ఆడుతూనే ఉంటాడండీ."

మార్కండేయులి ముఖం కందగడ్డయిపోయింది. "నేనా? ఏ రోజు విన్లేదు? దరువు పరిగెత్తించేది నువ్వు కాదూ బసవయ్యా!"

గురువుగారి చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"నీకెలా వినబడింది నాయనా?"

మార్కండేయులు తల వంచుకుని పాకలోంచి వెళ్ళిపోయాడు. సూత్రధారుడి తాళం గోడకే వేలాడుతూ ఉంది.

మర్నాడు తెల్లారేసరికి వచ్చి, బసవయ్య పక్కన కూర్చున్నాడు. ఎవరినీ దిద్దలేదు. తోటివాళ్ళకు ఇది మంచి ఆట అయిపోయింది. ఎదురుపడితే చాలు, మూడు వేళ్ళు లేపేవారు.

"ఒరేయ్, ఈయనగారు సూత్రధారుడట!"

"అయితే బసవయ్యకి ఇక సెలవేలే. మద్దెలతో పనేముంది?"

మొదటిరోజు పళ్ళు బిగించాడు. మూడోరోజు పెదవి కొరుక్కున్నాడు. నవమి ముందురోజు ఉదయం గజ్జె కట్టి అడుగు వేస్తున్నాడు. తోటివాళ్ళిద్దరు చెరోవైపూ నిలబడి, వేళ్ళు నిలిపి, అతని నడకను, గొంతును, చివరికి పిలకను కూడా వదలకుండా ఆడిపోసుకున్నారు. బసవయ్య కావాలనే దరువు మధ్యలో ఆపాడు. మార్కండేయులి పాదం గాలిలోనే ఆగింది. మద్దెల మళ్ళీ మోగాకే నేలకు దిగింది.

గురువుగారు లేచారు. గోడనున్న తాళం తీసి, ఉత్తరీయంతో తుడిచి, కళ్ళకద్దుకున్నారు.

"ఇందాక వాళ్ళేమన్నారు నాయనా?"

"ఎవరు గురువుగారూ?"

ఆయన తాళం శిష్యుడి చేతుల్లో పెట్టారు.

అంతేనమ్మా. ఇంటికెళ్ళాక మీ పిల్లలు చిదంబరయ్యగారు ఏం చేశారని అడిగితే, ఆ ఉంగరపు వేలు ఇలా మడిచి చూపించండి. వాళ్ళనీ ఇంకొకరికి చూపించమనండి. జై శ్రీరామ్. పానకం మిగిలింది, మొహమాటపడకండి.