మంటను చూసే కన్ను

పరదేశమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "రేపు నువ్వు పనిచేసే చోటికి వస్తాను" అనేవారు. మర్నాడు నిజంగానే వచ్చేవారు. నేతపనివాడు అడిగితే మగ్గం పక్కన, వంటమనిషి అడిగితే గాడిపొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చునేవారు. కాసేపు ఆ పని గురించే ఏవేవో అడిగి, లేచి వెళ్ళిపోయేవారు. కొందరికి అందులోనే జవాబు దొరికేది. మరికొందరు మాత్రం అమ్మకు వయసు మీదపడి తమ ప్రశ్న సరిగ్గా వినపడలేదేమో అనుకుని ఊరుకునేవారు.

కొండ దిగువనున్న ఆవిడ ఆశ్రమంలో రోజూ అన్నదానం జరిగేది. పర్వదినాల్లో జనం విరగబడి వచ్చేవారు. అంతమందికి కట్టెలతో వండలేక, ఆవిరితో అన్నం ఉడికించే వంటశాల కట్టించారు. దాని వెనక రేకుల షెడ్డులో నూనెతో మండే బాయిలర్ ఒకటి ఉండేది. దాన్ని చూసుకునేవాడు అప్పలసూరి. జూట్ మిల్లులో సగం జీవితం బాయిలర్ల మధ్యే గడిపి, ఆ మిల్లు మూతపడ్డాక భార్యతో సహా వచ్చి అమ్మ దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. పనిలో అతనికి వంక పెట్టగలవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఒక సాయంత్రం భజన అయి అందరూ లేచి వెళ్ళాక అప్పలసూరి మాత్రం తల వంచుకుని అక్కడే కూర్చున్నాడు.

"అమ్మా, సిగ్గు పోయే దారి ఏదైనా ఉంటే చెప్పండి. మంత్రమైనా సరే, ఉపవాసమైనా సరే. ముద్ద నోట్లో పెట్టుకోబోతే అడ్డం వస్తోంది. జపానికి కూర్చుంటే అడ్డం వస్తోంది. దాన్ని నాలోంచి తీసెయ్యండి."

దేనికి సిగ్గని పరదేశమ్మగారు అడగలేదు. అడిగితే చెప్పగలిగేవాడో లేదో అతనికే తెలియదు. "రేపు నీ బాయిలర్ దగ్గరికి వస్తాను" అని మాత్రం అన్నారు.

అతని సిగ్గుకు కారణం దాలినాయుడు. బాయిలర్ షెడ్డులో నూనె దించుకోవడం, నీళ్ళు చూసుకోవడం దాలినాయుడి పని. అప్పలసూరి కన్నా పెద్దవాడు, నెమ్మదస్తుడు. మొన్న కార్తీకమాసంలో ఒక సోమవారం ఉదయం, పంక్తులు కూర్చునే వేళకు బర్నర్ మొరాయించింది. వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది. అలా ఆరినప్పుడల్లా మంటను కనిపెట్టే చిన్న పరికరం నూనెను ఆపేసి ఎర్రదీపం వెలిగిస్తోంది. నూనె చిమ్మే ముక్కు విప్పి శుభ్రం చేయాలని అప్పలసూరికి తెలుసు. కానీ వంటశాల నుంచి మనిషి మీద మనిషి వచ్చి ఆవిరేదీ, ఆవిరేదీ అని అరుస్తున్నారు. అన్నం సగం ఉడికి ఉంది. అప్పలసూరి ఆ పరికరాన్ని దాని గూట్లోంచి లాగి, ఎదురుగా టార్చిలైటు వెలిగించి, రెండింటినీ గుడ్డతో బర్నర్ మీద కట్టేశాడు. టార్చి వెలుగును మంట అనుకుని అది ఇక నూనెను ఆపలేదు. "వచ్చేస్తోంది, ఒక్క క్షణం" అని చెప్పడానికి అతను వంటశాల వైపు పరుగెత్తాడు.

ఆ కాస్త వ్యవధిలో మంట ఆరింది. నూనె మాత్రం ఆగకుండా బాయిలర్ వేడి పొయ్యిలోకి తుంపరగా కురుస్తూనే ఉంది. ఆ శబ్దమేదో తేడాగా ఉందని దాలినాయుడు లోపలికి వచ్చి, మంట చూసే చిన్న తలుపు తెరిచి వంగాడు. లోపల నిండిన నూనె ఆవిరి ఎర్రగా కాలిన ఇటుకలకు అంటుకుని ఒక్కసారిగా పేలింది. ఆ మంట తలుపులోంచి బయటికి చిమ్మి అతని కుడిచేతినీ ఒకవైపు చెంపనూ కాల్చేసింది.

చప్పుడు విని అందరికంటే ముందు వచ్చినవాడు అప్పలసూరే. దాలినాయుడు నేలమీద పడి ఉన్నాడు. అప్పలసూరి చెయ్యి ముందు ఆ మనిషి దగ్గరికి పోలేదు, టార్చి దగ్గరికి పోయింది. గుడ్డ లాగేసి, పరికరాన్ని గూట్లో పెట్టి, టార్చిని చొక్కా లోపల దోపుకుని, అప్పుడు వంగి దాలినాయుణ్ణి లేపాడు. వచ్చినవాళ్ళంతా తెరిచి ఉన్న ఆ చిన్న తలుపు చూశారు. తెరవకూడని వేళ తెరిచాడన్నారు. అప్పలసూరి అవుననలేదు, కాదనీ అనలేదు. ఆసుపత్రి మంచం మీద దాలినాయుడే, "నాదే తొందర. సూరి ఎన్నిసార్లు సెప్పాడో జాగ్రత్తని" అన్నాడట. ఆ మాట విన్న రోజు నుంచి అప్పలసూరికి ముద్ద దిగడం లేదు.

చెప్పిన ప్రకారం మర్నాడు ఉదయం పరదేశమ్మగారు వచ్చి షెడ్డులో కూర్చున్నారు. "ఇది ఎలా వెలుగుతుందో చూపించు నాయనా" అన్నారు.

అప్పలసూరికి ప్రాణం కాస్త తేలికైంది. పని గురించి అయితే చెప్పగలడు. "ఈ నూనె చిక్కనమ్మా. ముందు వేడిచేసి పలచన చేస్తాం. పంపు దాన్ని గట్టిగా నెడుతుంది. ఈ ముక్కు చివర సూదిమొనంత రంధ్రం ఉంది చూడండి, అందులోంచి ధారగా రాదు, తుంపరగా వస్తుంది. నూనె ముద్దగా ఉంటే పొగే తప్ప మంట రాదు. తుంపరైతేనే ప్రతి చుక్కకూ గాలి తగులుతుంది" అంటూ మీట నొక్కాడు. లోపల ఫ్యాను హోరుమని తిరిగింది.

"మరి మంటేదీ?"

"ముందు వట్టి గాలే పోవాలమ్మా. ఇంతకుముందు కాలకుండా మిగిలిన నూనె ఆవిరి ఏదన్నా లోపల ఉంటే పొగగొట్టంలోంచి బయటికి నెట్టెయ్యాలి. ఆ తరవాతే నిప్పు."

అంతలో రెండు కడ్డీల మధ్య నిప్పురవ్వ చిటపటలాడింది, నూనె అందుకుని భగ్గున మంట లేచింది. పరదేశమ్మగారు చిన్నపిల్లలా సంబరపడి చూశారు. కాసేపటికే మంట వణికి, ఆరిపోయింది. టక్కున ఏదో మూసుకున్న చప్పుడైంది. ఎర్రదీపం వెలిగింది. అప్పలసూరి బటన్ నొక్కి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే తంతు. వంటశాల గుమ్మంలోంచి ఎవరో "సూరిబాబూ, పప్పు ఆగిపోయింది!" అని కేకేశారు.

"దీన్ని ఆర్పుతున్నదెవరు?" అని అడిగారు పరదేశమ్మగారు.

"మంట దానంతట అదే ఆరిందమ్మా. నూనెను ఆపింది మాత్రం ఇది" అని అప్పలసూరి పక్కనున్న గాజు బొడిపె చూపించాడు. "మేము కన్ను అంటాం. మంట వెలుగు కనపడినంతసేపే నూనెను రానిస్తుంది. కనపడకపోతే ఆపేస్తుంది. మనిషి వచ్చి చూసుకుంటే తప్ప మళ్ళీ వెలగనివ్వదు."

"ప్రతిసారీ ఇదే అడ్డం వస్తోందిగా. తీసి అవతల పెట్టు. అక్కడ జనం ఆకలితో ఉన్నారు."

"తియ్యకూడదమ్మా!" అన్నాడు అప్పలసూరి. ఆవిడ ఎదుట అంత గొంతు అతను ఏనాడూ ఎత్తలేదు. "అడ్డం వస్తోందని దాన్ని తీస్తే ఎలా? తప్పు దానిది కాదు. ముక్కులో మసి పట్టింది, అది చెప్తోంది. దాని నోరు నొక్కేస్తే లోపల మంట లేదన్న సంగతి ఎవరికీ తెలియదు. నూనె పోతూనే ఉంటుంది. ఆ తరవాత…"

"ఆ తరవాత ఏమవుతుందో ఎవరన్నా చూశారా?"

ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పలసూరి నుదుటి చెమట తుడుచుకోబోయి, చెయ్యి సగంలో ఆపేశాడు. "చూశారమ్మా" అన్నాడు. ఆ మాట అతనికే సరిగ్గా వినపడలేదు.

పరదేశమ్మగారు పీట ఎత్తి గోడకు ఆనించి, చీరకు అంటిన మసి దులుపుకుంటూ వెళ్ళిపోయారు.

అప్పలసూరి ముక్కు విప్పి, కిరసనాయిలుతో కడిగి, బిగించి, మంట నిలకడగా మండేదాకా అక్కడే ఉన్నాడు. ఆవిరి వంటశాలకు అందింది. ఆ తరవాత అతను ఆశ్రమం ముందుగుమ్మం వైపు నడిచాడు. చెయ్యి కాలిన దగ్గర్నుంచి దాలినాయుణ్ణి భక్తుల చెప్పులు చూసుకోవడానికి అక్కడ పెట్టారు. కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకోవు. ఎడమచేత్తో జతలు అందిస్తున్నాడు. ఎదురుగా జనం వరస కట్టి ఉన్నారు.

పక్కకు పిలిచి చెబుదామని అప్పలసూరి ముందు అనుకున్నాడు. ఆ రోజు టార్చి దాచింది కూడా ఇలాగే, ఎవరూ చూడకుండా కదా అనిపించింది. వరస ఎదుటే నిలబడి, అందరికీ వినపడేలా చెప్పాడు. టార్చి సంగతి, గుడ్డ సంగతి, దాన్ని విప్పాకే మనిషిని లేపిన సంగతి, ఏదీ మిగల్చలేదు.

దాలినాయుడు చేతిలోని చెప్పులు కింద పెట్టాడు. "మళ్ళీ సెప్పు" అన్నాడు. అప్పలసూరి మళ్ళీ చెప్పాడు.

"అంటే నేను ఆ తలుపు తియ్యడం తప్పు కాదేటి?"

"కాదన్నా. నువ్వు చూడాల్సిందే చూశావు."

దాలినాయుడు ముడుచుకుపోయిన చెయ్యి పైకెత్తి, అదేదో కొత్తగా మొలిచినట్టు ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. "మా కోడలు నన్ను పొయ్యి కాడికి రానివ్వదు సూరీ. మనవరాలికి పాలు కాసిస్తానంటే వద్దంటాది. నిజమే, నా సెయ్యి మంచిది కాదని నేనూ ఊరుకున్నాను" అన్నాడు. "ఇదే మాట మా కోడలితో సెప్తావా?" అని అడిగాడు.

ఆ మనిషి తిడతాడని, కొడతాడని, ముఖాన ఉమ్ముతాడని అప్పలసూరి అన్నిటికీ సిద్ధపడి వచ్చాడు. ఈ ఒక్కదానికి మాత్రం సిద్ధంగా లేడు. వెంట వెళ్ళి ఆ ఇంటి వాకిట్లో మూడోసారి చెప్పాడు. కోడలు నోటికొచ్చినట్టు తిట్టింది. వీధిలో వాళ్ళు వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో అప్పలసూరి భార్య కూడా ఉంది. అతనివైపు చూడకుండా ఆమె ముందే ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఆశ్రమం పెద్దలు షెడ్డు తాళం అతని దగ్గర్నుంచి తీసుకుని వేరే మనిషికి ఇచ్చారు. ఇక నుంచి నూనె పీపాలు దొర్లించడం అతని పని అన్నారు. అతను సరేనన్నాడు.

కొన్నాళ్ళకు, భజన అయ్యాక, అతను మళ్ళీ పరదేశమ్మగారి ఎదుట కూర్చున్నాడు. చేతుల నిండా పీపాల తుప్పు.

"చెప్పేశానమ్మా. ఆయన ఒక్క మాట అనలేదు. పొద్దున చూశాను, మనవరాలికి ఎడమచేత్తో పాలు చల్లారుస్తున్నాడు. చూడలేక తల దించుకుని వచ్చేశాను. చెప్పేస్తే తగ్గుతుందనుకున్నాను. నా సిగ్గు తగ్గలేదు, ఇంతకుముందు కన్నా ఎక్కువైంది."

"ఎక్కువవదా నాయనా?" అన్నారు పరదేశమ్మగారు. "ఇన్నాళ్ళూ అందులో సగం దాలినాయుడు మోశాడు."