విద్యాపీఠానికి మేస్త్రి కావలెను

భూపాలదేవ మహారాజు ఒకనాడు ముచ్చటపడి విద్యాపీఠంలో తర్కం పాఠం వినడానికి వెళ్లాడు. పాఠం మధ్యలో కప్పు నుంచి గచ్చుపెళ్ల ఒకటి ఊడి సరిగ్గా కిరీటం మీద పడింది.

"పెళ్ల కిరీటం మీద పడిందా, కిరీటమే పెళ్ల కిందికి వచ్చిందా?" అని పండితులు అప్పటికప్పుడు వాదన మొదలుపెట్టారు.

రాజుకు ఒళ్లు మండింది. "ఇక చాలు! ఈ భవనం మరమ్మతు చేయించడానికి రేపే ఒక అధికారిని పెడతాను. పని వచ్చినవాళ్లు రండి!" అన్నాడు.

మర్నాడు పాఠం జరిగిన మండపంలోనే కొలువు తీరింది. వచ్చింది ఇద్దరు.

ఒకడు భైరవయ్య. విద్యాపీఠం పెద్ద సోమపీథి ఆచార్యులవారి బావమరిది. ఆచార్యులవారే స్వయంగా వెంటబెట్టుకొచ్చారు. ఆయనకు పదహారు బిరుదులు. పదిహేను చదివి ఊరుకుంటే పలకరు.

రెండోవాడు ఎల్లమంద అనే తాపీమేస్త్రి. వచ్చినప్పటి నుంచీ మెడ ఎత్తి కప్పు వంకే చూస్తున్నాడు.

"ఎన్నాళ్లు పడుతుంది?" అడిగాడు రాజు.

"నలభై రోజులు ప్రభూ!" అన్నాడు భైరవయ్య. "పాఠాలు ఆపక్కర్లేదు, ఊతగుంజలు అక్కర్లేదు. నడిమి దూలం కింది ఆ పాత స్తంభం పడగొట్టి కొత్తది లేపేస్తాను."

"మా భైరవుడి మాటకు నాదీ పూచీ!" అన్నారు ఆచార్యులవారు.

"నువ్వేమంటావోయ్?" అని రాజు మేస్త్రిని అడిగాడు.

"పెంకులు దించి చూస్తేగానీ చెప్పలేనండి," అన్నాడు ఎల్లమంద. "నడిమి దూలాన్ని చెదలు తినేశాయి. ముందు పిల్లల్ని బయటికి పంపి, దూలానికి గుంజలు నిలబెట్టాలి. ఆర్నెల్లకు తక్కువైతే కాదండి."

"రాజుతో మాట్లాడుతూ పైకి చూస్తావేం?" అని గద్దించాడు రాజు.

"మిమ్మల్ని చూస్తుంటే ఆ దూలాన్ని చూసేదెవరండి?"

రాజు ముఖం ఎర్రబడింది. 'చెప్పలేను' అనేవాడికి పనేమిటని, రాజముద్రిక తీసి భైరవయ్యకు ఇవ్వబోయాడు.

రాజుకు తాంబూలం అందించే నాంచారి చప్పున దూలం వంక చూసింది. ఆమె మరిది రోజూ ఆ దూలం కిందే కూర్చుని చదువుతాడు. భయం పైకి కనపడనీయకుండా ముందుకొచ్చి చేతులు జోడించింది.

"మంచి పని చేశారు ప్రభూ! పూచీ పడ్డ ఆచార్యులవారికి మర్యాద జరగొద్దూ? పని జరిగే నలభై రోజులూ వారు ఈ మండపం నడిమధ్య వెండి ఎత్తుపీట మీద కొలువుదీరాలి. వచ్చేపోయే వాళ్లంతా పాదాలకు మొక్కాలి."

ఆచార్యులవారి ముఖం చాటంత అయింది. "తప్పకుండా, తప్పకుండా!" అంటూ, పీట వేయడమే ఆలస్యం, ఎక్కి కూర్చున్నారు.

"భైరవయ్యగారూ, ఇక మంచి ముహూర్తం. స్తంభానికి తొలి దెబ్బ వేయండి," అంది నాంచారి.

భైరవయ్య సమ్మెట ఎత్తాడు. ఆచార్యులవారు చూపు పైకెత్తారు. నెత్తికి సూటిగా నడిమి దూలం!

"ఒరేయ్ ఆగరా!" అని పదహారు బిరుదులూ మరిచి ఒక్క గెంతు గెంతారు. "ముందు గుంజలు పెట్టించరా!"

"గుంజలు పెడితే నలభై రోజుల్లో అవదు బావగారూ!"

"ఆర్నెల్లు పట్టనీ, ఏడాది పట్టనీ! కూలితే నా నెత్తి మీదే కదరా!"

నాంచారి రాజు వైపు తిరిగింది.

"ప్రభూ, ఎల్లమంద చెప్పిందే ఆచార్యులవారూ చెబుతున్నారు. కాకపోతే ఆయన పీట మీద నుంచి దూకాక చెప్పారు, ఇతను దూలం చూడగానే చెప్పాడు!"

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. పండితులు కూడా నవ్వారు, ఒక్కరు తప్ప. ముద్రిక ఎల్లమంద వేలికెక్కింది. పాఠాలు ఆ పూటే తోటలోకి మారాయి.

"నాంచారీ, ఆ వెండిపీట నీదే! తీసుకుపో," అన్నాడు రాజు.

నాంచారి వంగి దణ్ణం పెట్టింది గానీ, అడుగు ముందుకు వేయలేదు.

"మహాప్రసాదం ప్రభూ! ఎల్లమంద గుంజలు పెట్టాక వచ్చి తీసుకుంటాను."