వాక్కాయ పొద ఎవరిది?

పిట్ట రెట్టలో దొరికిన వాక్కాయ గింజను తడారకముందే నాటి, మూడు వేసవులు గిన్నెలు కడిగిన నీళ్లు పోసి పెంచింది నూకాలు. పొద విరగకాసేసరికి, మీసానికి రాసే నూనె బుర్రకి రాయని ఊరిదొర పెద్దిరాజు దిగబడ్డాడు.

“ఏమే, ఈ ఊళ్లో ఇదివరకు వాక్కాయలున్నది నా తోటలోనే. పిట్ట తిన్నది నా పండు, వేసింది నా గింజ. రేపు పొద తవ్వించుకుపోతా.”

నూకాలు నోరు ఊరుకోలేదు. “తమరి తోటలో తిని పిట్టలు వేసేదంతా తమరిదేనా, దొరా?”

“ముమ్మాటికీ నాదే!”

తెల్లారేసరికి ఊరి ఆడవాళ్లంతా రెట్టల తట్టలతో దొర వాకిట్లో బారులు తీరారు.

“మా కప్పుల మీద పడ్డ తమరి సొత్తు తెచ్చాం. ఎక్కడ దింపమంటారు?” అంది నూకాలు.

దొర ముక్కు మూసుకున్నాడు. “పొద నీదేనే తల్లీ, ఈ కంపు పట్టుకుపో!”

“పొద నాదైతే ఎరువూ నాదే,” అంటూ తట్టలన్నీ తన దడి వైపు మళ్లించింది నూకాలు.