హూ అన్న బాతు

సూఫీ గురువు జలీల్ బాబా దగ్గర శిష్యుడిగా చేరి ఏళ్లు గడిచినా సిలారుకి మనసు కుదురుకోలేదు. తన తర్వాత వచ్చినవాళ్లు జపంలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకునేవారు. అతనికి మాత్రం కాళ్లు తిమ్మిరెక్కేవి, అంతే. దేవుడు తనకు ఒక్క గుర్తయినా చూపించడా అని లోలోపల కుమిలిపోయేవాడు.

బాబా పాక కొల్లేటి గట్టున ఉండేది. అక్కడ సిలారు చేత్తో మేపి పెంచుకున్న ఆడబాతు ఒకటి అతని వెనకాలే తిరిగేది. దాని గోల గట్టు చివరిదాకా వినిపించేది.

ఒక వానాకాలం, బాబా పనిమీద ఏలూరు వెళ్లినప్పుడు, దాని గొంతు మారిపోయింది. మెడ పైకి చాచి, ముక్కు తెరిచి, ‘హూ... హూ...’ అని సన్నగా రాగం తీయడం మొదలుపెట్టింది. సిలారుకి ఒళ్లు జలదరించింది. జపంలో వాళ్లు దేవుణ్ణి పిలిచే పేరు అదే.

అతను నలుగురికీ చెప్పాడు. జనం వచ్చి చూసి దండాలు పెట్టారు. బాతు మేత మానేసింది. ఉపవాసం ఉంటోందన్నాడు సిలారు. రాత్రీ పగలూ దాని పక్కనే కూర్చుని తనూ ‘హూ’ అనేవాడు. జన్మలో మొదటిసారి జపంలో అతని కళ్లు చెమర్చాయి.

బాబా తిరిగొచ్చేసరికి పాక ముందు జనం గుమిగూడి ఉన్నారు. సిలారు ఎదురెళ్లి సంతోషంగా అంతా చెప్పాడు. బాబా నేలమీద చతికిలబడి, బాతుని ఒళ్లోకి తీసుకుని, దాని రొమ్ముకి చెవి ఆనించి చాలాసేపు విన్నారు. తర్వాత గోరువెచ్చటి ఉప్పునీళ్లు తెమ్మన్నారు.

గుడ్డ కొసతో దాని ముక్కు రంధ్రాల్లో ఒక్కో చుక్కే వేశారు. బాతు తల విదిలించి గింజుకుంది. బాబా వదల్లేదు. కాసేపటికి ఒక రంధ్రంలోంచి నల్లగా ఏదో కదులుతూ బయటికొచ్చింది. గోళ్లతో పట్టి మెల్లగా లాగారు. నెత్తురు తాగి ఉబ్బిన జలగ.

బాతు రెక్కలు దులుపుకుని, మునుపటిలాగే మోటుగా అరిచింది. జనంలో ఎవరో నవ్వారు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

సిలారు తల వంచుకుని, “అయితే అది దేవుణ్ణి పిలవలేదా బాబా?” అన్నాడు.

“నిన్ను పిలిచింది” అన్నారు బాబా.

సిలారు ఆ జలగ ముందు కింద కూర్చున్నాడు.

అందరూ వెళ్లినా పైడమ్మ అనే జాలరి ఆడమనిషి మాత్రం అక్కడే నిలబడి ఉంది. బాతు చేత ఆ పేరు పలికించుకుని వెళ్తే మంచంపట్టిన తన మొగుడు లేస్తాడని అంత దూరం వచ్చానంది. ఇప్పుడేం చెయ్యమంటారని బాబాని అడిగింది.

బాబా సిలారు వైపు ఒకసారి చూశారు. బాతుని చంకన పెట్టుకుని నీళ్లవైపు నడిచారు.

సిలారు లేచి వెళ్లి ఆమెని కూర్చోమని, ఎదురుగా తనూ కూర్చున్నాడు.

“ఆయన ఎక్కడ నొప్పిగా ఉందంటున్నారమ్మా?” అని అడిగాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆమె మాట ముగిసేదాకా అతను చెవి ఒగ్గి విన్నాడు.