విప్పని మూడో పొడుపు

కార్తీక శుద్ధ దశమి, గురువారం, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్న వేళ. అనగా అనగా, మీరు ఊఁ కొట్టగా, మణిధరుడనే రాజుగారి మూడో కొడుకు గుణనిధి ఏడో సముద్రం ఒడ్డున నిలబడి ఒక తాబేలు వంక అనుమానంగా చూస్తున్నాడు.

"ఎక్కు నాయనా, దాటిస్తాను" అంది తాబేలు.

"నడిమధ్యలో మునిగితేనో?"

"మునిగితే నాకేం, ఈదుకుంటూ పోతాను. నీ సంగతే చూసుకో!"

మోసం చేసేది ఇంత నిజం చెప్పదులే అనుకుని ఎక్కాడు.

అనుమానపడక ఏం చేస్తాడు పాపం! కంకాళుడనే మాంత్రికుడి పొడుపుకథలు విప్పి వస్తానని పెద్దన్న వెళ్ళాడు, రాలేదు. అన్నను తెస్తానని నడిపన్న వెళ్ళాడు, రాలేదు. కన్నతల్లి అన్నం ముట్టక దేవుడి గదిలోనే కూర్చుంది.

అవతలి ఒడ్డున మాంత్రికుడి కోట. వాకిలి నిండా మనుషుల రూపాన రాళ్ళు. అందులో ఇద్దరన్నలూ ఉన్నారు. గుమ్మం పక్కన బంగారు పంజరంలో ఒక చిలుక, "నన్ను చంపకు! నన్ను చంపకు!" అని ఒకటే గోల.

"ప్రాణం దాచుకున్నవాడు దాన్ని నలుగురికీ కనబడేలా వేలాడదీస్తాడా?" అనుకున్నాడు గుణనిధి.

"రావయ్యా చిన్న రాజా! ఎండన పడి వచ్చావు, కాస్త మజ్జిగ పుచ్చుకో" అంటూ కంకాళుడు తేనెలా నవ్వాడు.

"కార్తీకమాసం, ఉపవాసమండీ."

మాంత్రికుడి నవ్వు సగం ఆరిపోయింది. "సరే, ఆట ఆనవాయితీ ప్రకారమే. ఈ వాకిట్లో తప్పు విడుపు ఎవరు చెప్పినా రాయైపోతారు. ఓడానన్నవాడు తన ఊరు ఇచ్చుకోవాలి, పొడిచినవాడు విప్పి చెప్పాలి. చెప్పకపోతే వాడి మంత్రాలన్నీ పోతాయి. ఇదిగో మొదటిది. ఇటునుంచి చదివితే అడవిలో నరికేది, అటునుంచి చదివితే పిల్లలు అక్షరాలు దిద్దేది. ఏమిటది?"

ఇంత సులువా? ఎర కాదు కదా! అటూ ఇటూ రెండుసార్లు తిప్పి చూసుకుని, "కలప. తిరగేస్తే పలక" అన్నాడు.

"మూడక్షరాలు. అన్నీ ఉంటే వేలమంది కాపురం. నడుమది తీస్తే ఒంట్లో పాకుతుంది. చివరిది తీస్తే ఒంటిమీద మెరుస్తుంది."

"నగరం, నరం, నగ."

కంకాళుడు గొంతు తగ్గించాడు. "మూడోది. రెక్కలున్నాయి, ఎగరదు. గుమ్మంలో ఉండి ఎవరొచ్చినా కీచుమంటుంది. దానికి గడియ పడితేనే నాకు నిద్ర. నా ప్రాణం అందులోనే ఉంది."

"నన్ను చంపకు!" అని చిలుక మళ్ళీ అరిచింది. మాంత్రికుడి చూపు పంజరం మీదకి పోయి, వెంటనే గుణనిధి నోటి మీదకి వచ్చింది. అన్నలిద్దరూ 'చిలుక' అన్న ఆకారంలోనే నోళ్ళు తెరుచుకుని రాళ్ళయి ఉన్నారు.

వాళ్ళ వంశంలో ఏడు తరాలుగా ఎవరి నోటా ఓటమి మాట రాలేదు. అన్నలూ ఆ మాట అనలేకే రాళ్ళయ్యారు. గుణనిధి కళ్ళు మూసుకుని ఇలవేల్పుకు దణ్ణం పెట్టుకున్నాడు.

"నేను ఓడాను. నా వాటా ఊరు నీకిచ్చాను. ఇక నువ్వే విప్పు."

కంకాళుడి ముఖం పాలిపోయింది. నిజం చెబితే ప్రాణం పోతుంది, చెప్పకపోతే మంత్రం పోతుంది. "చెబుతా... చెబుతా... అది... చిలుక!" అన్నాడు.

అన్నాడో లేదో, కాళ్ళనుంచి తలదాకా రాయైపోయాడు.

మంత్రం వేసినవాడే రాయి కావడంతో వాకిట్లోని మిగతా రాళ్ళన్నీ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నాయి. అన్నలు తమ్ముణ్ణి కావలించుకున్నారు. వాళ్ళ పక్కన రాయిగా నిలబడిన రాకుమారి హేమవల్లి, "ఇంతకీ విడుపు ఏమిటి?" అనడిగింది.

"నాకూ తెలియదండీ."

"నాకు తెలుసు! మొదట నేనూ చిలుకే అని చెప్పి చెడ్డాను. ఏడాదిగా కళ్ళెదుట దాన్నే చూస్తున్నాను. రెక్కలు, కీచు, గడియ... తలుపు!"

ఆ మాటతో కోట తలుపు రెండు చెక్కలైంది, కంకాళుడి రాయి పిండి పిండిగా రాలిపోయింది.

ఆ వారంలోనే హేమవల్లికీ గుణనిధికీ పెళ్ళయింది. మర్నాడు పొద్దున్నే రాణిగారు నువ్వులనూనె కాచి, రాళ్ళయి నిలబడ్డ ముగ్గురి మోకాళ్ళకూ తానే పట్టించి, ఇంటిల్లిపాదికీ తలంట్లు పోసి, దేవుడికి నైవేద్యం పెట్టి, పిల్లల మధ్య కూర్చుని తానూ కడుపునిండా అన్నం తింది. వాళ్ళ రాజ్యం చల్లగా చాలా కాలం సాగింది.