ముల్లు లేని చేప

కాత్యాయని చేసే చేప సలాడ్‌కి ఎంత చేసినా రుచి కుదిరేది కాదు.

ఆ థాయ్ ఊళ్ళో వంటంటే బువా అమ్మమ్మే. నది ఒడ్డున ఆవిడ వంటింట్లో కాత్యాయని శిష్యరికం చేస్తూండగానే వానాకాలం వెళ్ళిపోయింది. రోజూ గుమ్మంలో అమ్మమ్మ ఒకటే అడిగేది. అది ఆ దేశపు పలకరింపు.

"అన్నం తిన్నావా?"

"మా పాప తినేసింది అమ్మమ్మా," అనేది కాత్యాయని.

అమ్మమ్మ ఆమె మొహంలోకి ఓసారి చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది.

ఒకరోజు అంది: "సాయంత్రం పాపని తీసుకురా. వంట నీదే. ఇవాళా కుదరకపోతే ఇక నా దగ్గర నేర్చుకునేదేం లేదు."

కాత్యాయని బజారుకి పరిగెత్తింది. ముళ్ళు తక్కువని కొర్రమీనులే రెండు ఎంచి తెచ్చింది. నిప్పుల మీద కాల్చింది. కూతురు సుహిత గొంతులో ముల్లు గుచ్చుకుంటే, ఈ పరాయి ఊళ్ళో ఎవరిని పిలవాలి? ఒక చేపని తీసి పోగు పోగూ వేళ్ళతో నలిపి చూసింది. మళ్ళీ చూసింది. నిమ్మరసం, మిరపకాయలు చెంచాతో కొలిచి కలిపింది.

అమ్మమ్మ చిటికెడు నోట్లో వేసుకుంది.

"ముళ్ళు లేవు."

"ఒక్కటి కూడా ఉండదు అమ్మమ్మా!"

"చేప కూడా లేదు."

సుహిత కిసుక్కున నవ్వింది.

ముసలావిడ నిప్పుల మీదున్న రెండో చేప తీసింది. పెద్ద పెద్ద ముక్కలుగా విరిచి, చిన్న ఉల్లిపాయలు, మిరపకాయలు, నిమ్మగడ్డి, పుదీనా, వేయించి దంచిన బియ్యప్పొడి జల్లింది. గుప్పెట్లో నిమ్మకాయ పిండి, ఒక్కసారి ఎగరేసి కలిపింది. వంటిల్లంతా గుప్పుమంది. ఆ పళ్ళెం తిన్నగా సుహిత ముందు పెట్టింది.

"అమ్మమ్మా, ముళ్ళు..." కాత్యాయని చెయ్యి చాపింది.

అమ్మమ్మ ఆ చెయ్యి పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. వదల్లేదు.

సుహిత ముక్క తీసుకుని వేళ్ళతో మెల్లగా నొక్కింది. తిప్పింది. మళ్ళీ నొక్కింది. సన్నటి ముల్లొకటి లాగి పళ్ళెం అంచున పెట్టింది.

కాత్యాయని ఆ పిల్ల చేతులకేసి చూసింది. ఇది దీనికి ఎవరు నేర్పారు? అవే వేళ్ళు. అదే ఓపిక. తన చెయ్యే ఎదురుగా కూర్చుని ముళ్ళు తీస్తున్నట్టుంది.

పిల్ల ఆ ముక్కని ఇంకోసారి తడిమింది. తన నోట్లో పెట్టుకోలేదు, అమ్మ నోటి దగ్గరికి తెచ్చింది.

"నోరు తెరువమ్మా. ముల్లు లేదు, నేను చూశాగా."

ముందు పులుపు తగిలింది. దాని వెనకే కారం. ఆ తర్వాత నిప్పుల వాసన, మెత్తని చేప, పళ్ళ కింద బియ్యప్పొడి కరకర. ఇన్నాళ్ళూ తను రోజూ చేసింది ఈ వంటనేనా! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం వల్లనుకుంది సుహిత, మంచినీళ్ళ గ్లాసు జరిపింది.

అమ్మమ్మ అప్పుడు చెయ్యి వదిలింది.

"అన్నం తిన్నావా?"

కాత్యాయని నోటి నిండా ముద్ద ఉంది. తలూపింది.